చదరంగపు యంత్రము బలమును కొలుచుట ఎట్లు?

గత విద్యా సంవత్సరము అంతర కళాశాలల చదరంగపు పోటీలకు మన జట్టును ఎంపిక చేయు సందర్భమున మేమొక పొరపాటు చేసినాము. దానిని కళాశాల వార్షిక సంచికలో చెప్పుకొనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ వ్యాసమునకు మూలము ఆ పొరపాటే గనుక దానితోనే ఆరంభించుచున్నాము.

పోటీలకు నాలుగు దినములే గడువు ఉన్నది. జట్టులో ఐదుగురికి చోటు, పేర్లిచ్చినవారు పదునలుగురు. అందరినీ ఒకరితో నొకరిని ఆడించుటకు వ్యవధి లేదు. కళాశాలకు చదరంగపు గడియారము ఒక్కటే ఉన్నది. అప్పుడు మాలో ఒకరు సులువైన మార్గమును సూచించినారు. నేడు దాదాపు ప్రతి విద్యార్థి చేతిలోను సెల్‌ఫోను, అందులో చదరంగపు ప్రోగ్రాము ఉన్నవి గదా. ఆ ప్రోగ్రాములో ఎవరు ఏ స్థాయిని ఓడించినారో చూచి, ఆ అంకెల వరుసలో ఐదుగురిని తీసుకొందమని వారి సూచన. మేము సమ్మతించినాము. 2000 స్థాయిని ఓడించినట్లు చూపిన బి.కాం. రెండవ సంవత్సరపు విద్యార్థి జట్టునకు నాయకుడైనాడు. ఉర్దూ మాధ్యమమున బి.ఏ. మొదటి సంవత్సరము చదువుచున్న ఒక అబ్బాయి వద్ద అట్టి ఫోను లేదు. తాతగారి యొద్ద, గుడ్డమీద కుట్టిన గళ్ళపై, బంటు ఎప్పుడును ఒక్క గడి మాత్రమే నడచు పాత పద్ధతిలో షత్రంజ్ నేర్చి, తరువాత నేటి నియమములకు అలవాటు పడినవాడు. చూపుటకు అంకె లేదు గనుక అతని పేరు జాబితాలో చేరలేదు.

పాత పద్ధతిలో నేర్చుట లోపము కాదని మాకు తెలియకపోలేదు. పంజాబునకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ ఆ పద్ధతిలోనే ఆట నేర్చి, 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిష్ ఛాంపియనుగా నిలిచినారు. ప్రపంచ చదరంగ సమాఖ్య 2024లో ఆయనకు మరణానంతరము గ్రాండ్‌మాస్టర్ బిరుదమిచ్చినది. తెలిసియు అంకెను నమ్మినాము.

పోటీలలో మా నాయకుడు ఆడిన ఐదు ఆటలును ఓడిపోయినాడు. అందు మూడింటిలో గడియారము సమయము మించిపోయి ఓడినాడు. తిరిగి వచ్చిన వారమునాడు గ్రంథాలయపు వసారాలో ఆ ఇద్దరు విద్యార్థులును మూడు ఆటలు ఆడినారు. మూడును షత్రంజ్ అబ్బాయే గెలిచినాడు. చూచినవారిలో మేమును ఉన్నాము. ఆ అబ్బాయి మమ్ము ఒక్క మాటయు అనలేదు. ఏదో చెప్పవలెనని మాకే అనిపించినది, చెప్పలేకపోయినాము.

యంత్రమునకు తగిలించిన అంకెకు అర్థమేమి? యంత్రముతో మనిషి ఆడిన ఆటలను చూచి ఆ యంత్రము ఇంత బలము గలదని ఎట్లు నిర్ణయింతురు? ఈ ప్రశ్నలు మేము అడుగవలసిన సమయమున అడుగలేదు. ఇప్పుడు అడుగుచున్నాము.

నేడు వాడుకలో ఉన్న రేటింగ్ పద్ధతిని రూపొందించినవారు అర్పాద్ ఎలో. ఆయన హంగేరీలో జన్మించి, అమెరికాలోని మిల్వాకీ నగరమున భౌతికశాస్త్రాచార్యులుగా పనిచేసినారు. అమెరికా చదరంగ సమాఖ్య 1960లోను, ప్రపంచ సమాఖ్య 1970లోను ఆయన పద్ధతిని స్వీకరించినవి. ఈ పద్ధతిలో అంకెకు స్వతహాగా విలువ లేదు. రెండు అంకెల నడుమ గల భేదమునకే విలువ. భేదము 100 ఉన్నచో పైవానికి నూరు ఆటలలో 64 పాయింట్లు రావలెను. 200 ఉన్నచో 76, 400 ఉన్నచో 91. గెలుపునకు ఒకటి, డ్రాకు అర అని లెక్క. వచ్చిన పాయింట్లు రావలసినవానికంటె ఎక్కువయైనచో అంకె పెరుగును, తక్కువయైనచో తగ్గును.

కావున రేటింగ్ అనునది మనిషి ఎత్తువంటిది కాదు. అది ఒక గుంపులోని ఆటగాండ్ర నడుమ గల సంబంధము. మన పల్లెలలో ఒక ఊరి మానిక మరొక ఊరి మానికతో సరిపోయెడిది కాదని పెద్దలు చెప్పుదురు. ధాన్యము అదే, కొలత పాత్ర వేరు. తమలో తాము మాత్రమే ఆడుకొను ఒక గుంపులో 2000 అన్న అంకెకును, మరొక గుంపులో 2000 అన్న అంకెకును పొంతన ఉండవలెనన్న నియమమేదియు లేదు. ఆ రెండు గుంపులవారు తగినన్ని ఆటలు కలిసి ఆడిననాడే పొంతన ఏర్పడును. యంత్రములు ఒక గుంపు, మనుష్యులు ఒక గుంపు. వాని నడుమ వంతెన వేసినవి మాస్టర్లతో యంత్రములాడిన ఆటలే. ఆ వంతెన ఎంత గట్టిదో చూడవలెను.

మొదటి యంత్రము సంగతి అందరికి తెలిసినదే. 1770లో వియన్నాలో వోల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ ప్రదర్శించిన తుర్కీ వేషపు బొమ్మ లోపల ఒక మనిషి దాగియుండెడివాడు. దానిని వదలివేయుదము. నిజమైన యంత్రము ఎట్లు ఆడవలెనో క్లాడ్ షానన్ 1950లో ప్రచురించిన వ్యాసమున వివరించినారు. 1967లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో రిచర్డ్ గ్రీన్‌బ్లాట్ రచించిన మాక్‌హాక్ అను ప్రోగ్రాము మనుష్యుల పోటీలలో పాల్గొన్నది. తక్కిన ఆటగాండ్రవలెనే దానికిని ఆటల ఫలితములనుబట్టి రేటింగ్ ఇచ్చినారు. ఇది చిన్న విషయముగా కనిపించును గాని, మా దృష్టిలో ఇదియే సరియైన ఆరంభము. దానిని తయారుచేసినవారు చెప్పిన అంకె కాదు. ముక్కు మొగము తెలియని అనేకమంది ఆటగాండ్రతో గడియారము పెట్టుకొని ఆడగా వచ్చిన అంకె.

పోటీలకంటె ప్రజల దృష్టిని ఆకర్షించినవి ఒక మాస్టరుతో ఒక యంత్రము ఆడు ద్వంద్వ సమరములు. వీనిలో డేవిడ్ లెవీ కథ ప్రత్యేకముగా తెలిసికొనదగినది. 1968 ఆగస్టులో ఎడిన్‌బరో నగరమున కృత్రిమ మేధకు సంబంధించిన సమావేశము జరిగినది. అక్కడ స్కాట్లండ్ ఛాంపియన్ లెవీకిని, ఆచార్య జాన్ మెకార్తీకిని ఆట పడినది. లెవీ గెలిచినారు. పది సంవత్సరములలో మిమ్ములను ఓడించు ప్రోగ్రాము వచ్చునని మెకార్తీ అన్నారు. రాదని లెవీ పందెము కాసినారు. డోనాల్డ్ మికీ మొదలైనవారును పందెములో చేరగా మొత్తము 1,250 పౌండ్లయినది. ఒక విద్వాంసుల సమావేశములో మాటకు మాట పెరిగి పుట్టిన ఈ పందెము, తరువాతి ఇరువది సంవత్సరములు యంత్రముల బలమునకు ఒక కొలబద్దగా నిలిచినది.

పందెపు గడువు ముగియు వేళకు, 1978 ఆగస్టు–సెప్టెంబరులలో టొరంటో నగరమున లెవీ నాటి మేటి ప్రోగ్రాము చెస్ 4.7తో తలపడినారు. 3½–1½ తేడాతో గెలిచి పందెమును నెగ్గినారు. అయితే ఆ అంకెకంటె ఆటలు ఆడిన తీరు ముఖ్యము. లెవీ తన సహజమైన ఆట ఆడలేదు. యంత్రము దగ్గరి ఎత్తులను తప్పులేకుండ లెక్కించును గాని దూరపు ప్రణాళిక ఎరుగదని గ్రహించి, పావులు ఒరసికొనని నిదానపు స్థితులను కల్పించి, అది తనంత తాను పొరపడువరకు వేచియుండినారు. నాలుగవ ఆటలో మాత్రము ఆ పద్ధతిని విడిచి, లాట్వియన్ గాంబిట్ అను దుడుకు ప్రారంభమును ఎంచుకొన్నారు. యంత్రము ఆ ఆట గెలిచినది. ఇప్పుడు చెప్పుడు: చెస్ 4.7 బలమెంత? నిదానపు స్థితులలో ఒకటి, దుడుకు స్థితులలో మరొకటి. మనుష్యులలోను ఇట్టి తేడాలుండును గాని, యంత్రములో ఆ తేడా అగాధమువంటిది. ఒకే రేటింగ్ అంకెలో రెండును కలిసిపోయినవి.

లెవీ 1984లో క్రే బ్లిట్జ్ అను మరింత వేగముగల ప్రోగ్రామును 4–0 తేడాతో ఓడించినారు. 1989 డిసెంబరులో డీప్ థాట్ చేతిలో అదే 0–4 తేడాతో ఓడినారు. ఐదు సంవత్సరములలో యంత్రము అంత పెరిగినదా? పెరిగినది, సందేహము లేదు. కాని లెవీ అప్పటికి క్రమముగా పోటీలాడుట మానివేసి చాల కాలమైనది. కొలబద్దయే కుదించుకొనిపోవుచున్నప్పుడు కొలిచిన వస్తువు పెరిగినట్లు కనబడుటలో వింతయేమి? ఇట్టిదే మరొకటి 1988లో న్యూయార్కులో జరిగినది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున హాన్స్ బెర్లినర్ బృందము నిర్మించిన హైటెక్ అను యంత్రము గ్రాండ్‌మాస్టర్ ఆర్నల్డ్ డెంకర్‌ను 3½–½ తేడాతో ఓడించినది. యంత్రము గ్రాండ్‌మాస్టరును జయించెనను మాట అక్షరాల సత్యమే. 1914లో జన్మించిన డెంకర్‌కు అప్పటికి డెబ్బది దాటిన వయస్సనునదియు సత్యమే. బిరుదము జీవితాంతము ఉండును, బలము ఉండదు. మాస్టరును ఓడించినదని చెప్పునప్పుడు ఏ మాస్టరును, ఏ వయస్సున, అని అడుగుట మర్యాదకు లోటు కాదని మా అభిప్రాయము.

అదే 1988 నవంబరులో కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్ పోటీలో డీప్ థాట్ డెన్మార్కు దేశపు బెంట్ లార్సెన్‌ను ఓడించి, టోనీ మైల్స్‌తో సమానముగా ప్రథమ స్థానమున నిలిచినది. ద్వంద్వ సమరములో గాక పోటీలో గ్రాండ్‌మాస్టరు యంత్రమునకు ఓడుట అది మొదటిసారి. మరుసటి సంవత్సరము అక్టోబరులో గారీ కాస్పరోవ్ అదే యంత్రమును 2–0 తేడాతో సునాయాసముగా ఓడించినారు. ఒక్క గెలుపును చూచి ఊగిపోయినవారు ఆ ఓటమి చూచి నిరుత్సాహపడినారు. రెండును తొందరపాటే. ఆ కాలపు నిర్ణయములలో మాకు నచ్చినది ఫ్రెడ్కిన్ బహుమతివారి నియమము. గ్రాండ్‌మాస్టరు స్థాయికి నిర్ణయించిన 10,000 డాలర్ల బహుమతికి వారు ఒక సంచలన విజయమును అడుగలేదు. వరుసగా 25 ఆటలలో 2500కు మించిన ప్రదర్శనను అడిగినారు. డీప్ థాట్ దానిని సాధించి బహుమతి అందుకొన్నది.

ఆటకిచ్చు సమయము సంగతి మన దేశపు ఆటగానితోనే చెప్పుదుము. 1998 జులైలో ఇటలీ దేశపు ఇస్కియా ద్వీపమున విశ్వనాథన్ ఆనంద్ రెబెల్ 10 అను ప్రోగ్రాముతో ఎనిమిది ఆటలు ఆడినారు. ఆనంద్ అప్పటికి రేటింగులో కాస్పరోవ్ తరువాతి స్థానమున ఉన్నారు. రెబెల్ నెదర్లాండ్స్ దేశపు ఎడ్ ష్రోడర్ రచించినది. సామాన్యుడు కొనగల వ్యక్తిగత కంప్యూటరుమీద పనిచేయునట్టిది. మొత్తము ఫలితము 5–3, గెలుపు యంత్రముదే. పత్రికలకు ఆ అంకె చాలును. మనకు చాలదు. ఎనిమిదిలో నాలుగు ఆటలు ఐదేసి నిమిషముల మెరుపు ఆటలు; వానిలో యంత్రము 3–1గా గెలిచినది. రెండు పదునైదేసి నిమిషముల ఆటలు, యంత్రము 1½–½. చివరి రెండు ఆటలు పోటీలలో పాటించు సమయముతో, అనగా 40 ఎత్తులకు రెండేసి గంటల చొప్పున ఆడినవి. వానిలో ఆనంద్ 1½–½గా గెలిచినారు.

ఒకే వారములో, ఒకే మనిషి, ఒకే యంత్రము. సమయము పెరిగినకొలది గెలుపు మనిషివైపు మొగ్గినది. దీనికి కారణము స్పష్టమే. ఐదు నిమిషముల ఆటలో మనిషి చేయు పొరపాట్లు చిన్నచిన్న ఎత్తుగడలలోనివి, యంత్రము ఎన్నడును చేయనివి. రెండు గంటలు దొరకినచో మనిషి ఆ పొరపాట్లను వడకట్టి, యంత్రమునకు అందని ఆలోచన చేయగలడు. యంత్రమునకు సమయము పెరుగుటవలన లాభము లేకపోలేదు. నాడు మనిషికి కలిగిన లాభము అంతకంటె అధికము. కావున 1998లో రెబెల్ బలమెంతయని ఎవరైన అడిగినచో, ఎంతసేపు ఆడించెదరని ఎదురు ప్రశ్న వేయవలసియుండెడిది. ఆటలు ఎనిమిదే గనుక దీనినే నిరూపణయని మేము అనము. 1994లోనే మ్యూనిక్‌లో ఫ్రిట్జ్ మెరుపు ఆటలోను, లండన్‌లో చెస్ జీనియస్ 25 నిమిషముల ఆటలలోను కాస్పరోవ్‌ను ఓడించినవి. దీర్ఘమైన ఆటలలో కాస్పరోవ్‌ను గెలిచిన సమరము కొరకు యంత్రములు మరి మూడేండ్లు ఆగవలసివచ్చినది.

ఆ మూడేండ్ల తరువాతి సమరమే 1997 మే మాసమున న్యూయార్కులో జరిగినది. ఐ.బి.ఎమ్. సంస్థవారి డీప్ బ్లూ సెకనుకు 20 కోట్ల స్థితులను పరిశీలించగలిగినది. ఆరు ఆటలలో 3½–2½తో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించినది. అంతకు ముందు సంవత్సరము ఫిలడెల్ఫియాలో కాస్పరోవ్ 4–2తో గెలిచియుండినారు. యంత్రము మనిషిని మించినదని లోకమంతయు చాటినది. గణితశాస్త్ర విద్యార్థులు ఇక్కడ కాగితము తీసుకొనవలెను.

ఆరింటిలో 3½ అనగా నూటికి 58 పాళ్ళు. ఎలో పట్టిక ప్రకారము ఇది సుమారు 58 అంకెల ఆధిక్యము. బాగుగనే ఉన్నది. కాని ఆరు ఆటల నమూనాలో ఎంత అనిశ్చితి ఉన్నది? రెండు గెలుపులు, ఒక ఓటమి, మూడు డ్రాలు. ఒక్కొక్క ఆట ఫలితపు ప్రామాణిక విచలనము సుమారు 0.34. దానిని ఆరు వర్గమూలముచే భాగించినచో 0.14. దానికి రెట్టింపు అటునిటు తీసుకొన్నచో నిజమైన బలము నూటికి 30 పాళ్ళనుండి 86 పాళ్ళవరకు ఎక్కడనైనను ఉండవచ్చును. రేటింగులోనికి మార్చినచో డీప్ బ్లూ కాస్పరోవ్‌కంటె సుమారు 150 తక్కువయైనను కావచ్చును, 300 ఎక్కువయైనను కావచ్చును. లోకము చాటిన మాటకు ఆరు ఆటలు సాక్ష్యము చాలవు. నూరు ఆటలు ఆడియున్నచో ఈ అనిశ్చితి అటునిటు 50కి తగ్గియుండెడిది. నూరు కాదు గదా, మరొక్క సమరమును జరుగలేదు. కాస్పరోవ్ మరల ఆడుదమని కోరినారు. సంస్థవారు యంత్రమును విరమింపజేసినారు.

పైగా ఆ 3½లో ఒక చిక్కు కలదు. రెండవ ఆటలో కాస్పరోవ్ ఓటమినంగీకరించి లేచిన స్థితిలో, ఎడతెగని చెక్కులతో డ్రా చేసికొను మార్గము ఉండెనని తరువాత విశ్లేషకులు కనుగొన్నారు. యంత్రము తప్పు చేయదన్న భయమే మనిషిని లేపినది. దీనిని యంత్రము బలమనవలెనా? మాలో భేదాభిప్రాయములు వచ్చినవి. పాయింటు పాయింటే, దానిని లెక్కించి తీరవలెనని చివరకు తేల్చుకొన్నాము. 2006లో బాన్ నగరమున ప్రపంచ ఛాంపియన్ వ్లదిమీర్ క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్‌తో ఆడుచు, రెండవ ఆటలో ఒక్క ఎత్తులో ఆటకట్టు కాబోవుచుండగా చూడలేదు. యంత్రము అట్లు ఎన్నడును చూడకుండదు. అలసట, భయము, ఏమరుపాటు లేకుండుటయు బలములోని భాగమే. కాని ఒక ఏమరుపాటును ఆధారము చేసికొని తరువాతి నూరు ఆటలను ఊహించుట కూడదు.

క్రామ్నిక్ పేరు వచ్చినది గనుక సన్నద్ధత మాట. డీప్ బ్లూ ఆడిన ఆటలు ముందుగా చూచు అవకాశము కాస్పరోవ్‌కు దొరకలేదు. యంత్రపు నిర్మాతల వద్ద కాస్పరోవ్ ఆటలన్నియు ఉన్నవి. 2002లో బహ్రెయిన్‌లో క్రామ్నిక్‌కు ఇందుకు పూర్తిగా భిన్నమైన ఒప్పందము కుదిరినది. ప్రోగ్రాము ప్రతిని ముందే ఆయనకు ఇచ్చినారు. నాలుగు ఆటలయ్యేసరికి క్రామ్నిక్ 3–1 ఆధిక్యములో ఉన్నారు. తరువాత ఐదవ ఆటలో పొరపాటు చేసినారు. ఆరవ ఆటలో గుర్రమును బలిచ్చి, దాడికి దిగి భంగపడినారు. ఇరువది నాలుగేండ్ల క్రిందటి లెవీ నాలుగవ ఆట జ్ఞప్తికి రాకమానదు. చివరకు 4–4. నియమములు మారినచో ఫలితము మారునప్పుడు, ఆ ఫలితములో యంత్రము బలమెంత, ఒప్పందపత్రము బలమెంత?

అయితే సందేహించుటకును ఒక హద్దు ఉన్నది. 2005 జూన్‌లో లండన్‌లో హైడ్రా అను యంత్రము, ప్రపంచపు మొదటి పదిమందిలో ఒకరైన మైకేల్ ఆడమ్స్‌ను 5½–½ తేడాతో ఓడించినది. అవియు ఆరు ఆటలే. కాని తేడా అంతగా ఉన్నప్పుడు ఆరు ఆటలును చాలును. సమీప బలముగలవారిని వేరుచేయుటకే వందల ఆటలు కావలెను. ఏనుగు బరువా, మేక బరువా అని తేల్చుటకు త్రాసు అక్కరలేదు. మరుసటి సంవత్సరము బాన్‌లో క్రామ్నిక్ 2–4గా ఓడినారు. అక్కడితో ప్రపంచ ఛాంపియను యంత్రముతో సమానముగా కూర్చుండి ఆడు సమరముల కాలము ముగిసినది. 1997లో లోకము తొందరపడి అన్నమాట, తొమ్మిదేండ్ల తరువాత నిజమని రుజువైనది. తీర్పు సరియైనదే, నాటికి సాక్ష్యము మాత్రము చాలలేదు.

నేడు ఉత్తమ ప్రోగ్రాములకు 3500 దాటిన అంకెలు చెప్పుచున్నారు. మనుష్యులలో అత్యున్నతము 2014లో మాగ్నస్ కార్ల్‌సన్ సాధించిన 2882. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి తీసివేత చేయుట మన విద్యార్థులలో పరిపాటియైనది. ఆ 3500 ఎక్కడిది? యంత్రములు యంత్రములతోనే ఆడిన ఆటలలోనిది. స్వీడన్ దేశపు కంప్యూటరు చదరంగ సంఘమువారు ఇట్టి పట్టికను చాలకాలము శ్రద్ధగా నడిపినారు. దానికి పునాది 1987 నుండి 1991 వరకు స్వీడన్ ఆటగాండ్రతో యంత్రములు పోటీలలో ఆడిన 337 ఆటలు. అటుపైన చేరిన వేల ఆటలు యంత్రముల నడుమ జరిగినవి. 2000 సంవత్సరములో, అంకెలు మనుష్యుల కొలతకంటె పైకి పోయినవని గ్రహించి, పట్టికనంతటిని ఒక్కసారి 100 అంకెలు క్రిందికి దించినారు. దానివలన ఏ యంత్రమును బలహీనపడలేదు. మానిక మారినది, అంతే. ఆ సంఘమువారి నిజాయితీని మేము మెచ్చుకొనుచున్నాము. ఒకే విధముగా ఆలోచించు రెండు యంత్రములలో కొంచెము లోతుగా చూచునది మరొకదానిని మాటిమాటికి ఓడించును. ఆ చిన్న మెరుగు మనిషి ఎదుట అంత పెద్దదిగా కనబడవలెనని లేదు.

సమానముగా ఆడుట వ్యర్థమైన తరువాత వంతెన వేయుటకు ఒక పాత ఉపాయము మిగిలినది. బాగ్దాదు నగరమున తొమ్మిది, పది శతాబ్దములలో షత్రంజ్ ఉస్తాదులు ఆటగాండ్రను తరగతులుగా విభజించి, పై తరగతివాడు క్రింది తరగతివానికి ఎంత పావును వదలి ఆడవలెనో నిర్ణయించినారు. రేటింగు లేని కాలపు రేటింగు అది. 2007లో రిబ్కా అను ప్రోగ్రాము ఒక బంటును వదలి ఆడియు గ్రాండ్‌మాస్టర్ యాన్ ఎల్‌వెస్ట్‌ను 5½–2½తో ఓడించినది. 2020లో కొమొడో గుర్రమును వదలి ఆడి గ్రాండ్‌మాస్టర్ డేవిడ్ స్మెర్డన్ చేతిలో 1–5తో ఓడినది. 3500 అను అంకెకంటె ఈ రెండు ఫలితములు మాకు ఎక్కువ తెలియజెప్పుచున్నవి.

ఇక ఫోనులోని 2000 స్థాయి సంగతి. ఉత్తమ ప్రోగ్రామును బలహీనపరచుటకు సామాన్యముగా చేయు పనియేమనగా, దానిచేత అప్పుడప్పుడు తప్పుడు ఎత్తులు వేయించుట. పది ఎత్తులు గ్రాండ్‌మాస్టరువలె ఆడి, పదకొండవ ఎత్తులో ఏనుగును ఊరకనే ఇచ్చివేయును. ఏ మనిషియు అట్లు ఆడడు. దానిని గెలిచినవాడు నేర్చినది ఆ తప్పు వచ్చువరకు వేచియుండుట. మా నాయకుడు నిజమునకు అదే చేసినాడు. ఎదుటి మనిషి ఏనుగును ఇచ్చివేయునని ఎదురుచూచుచు గడియారము పోగొట్టుకొన్నాడు. ఫోనులో గడియారము లేకుండ ఆడినాడు, ఎత్తు నచ్చనప్పుడు వెనుకకు తీసికొన్నాడు కూడ. అతని తప్పు లేదు, మేమే అడుగలేదు.

మరి వసారాలోని మూడు ఆటలు? అవి చూచి షత్రంజ్ అబ్బాయియే గొప్పవాడని మేము ఆనాడు తీర్మానించుకొన్నాము. ఇంతవరకు వ్రాసినది మాకును వర్తింపవలెను గదా. సమానమైన ఇద్దరు డ్రాలు లేకుండ మూడు ఆటలాడినచో, ఒకానొకడు మూడును గెలుచుటకు ఎనిమిదింట ఒక వంతు అవకాశమున్నది. నాణెము ఎగురవేసి మూడుసార్లు బొమ్మ పడుట మనమెరుగని విషయము కాదు.

ఈ సంవత్సరము పండ్రెండుగురు పేర్లిచ్చినారు. ఒక్కొక్కరిని తక్కిన పదకొండుగురితో, తెల్లపావులతో ఒకసారి, నల్లపావులతో ఒకసారి ఆడించినాము. ఒక్కొక్కరికి 22 ఆటలు, మొత్తము 132. ఇరువది రెండు సాయంకాలములు పట్టినది. షత్రంజ్ అబ్బాయి రెండవ స్థానమున వచ్చినాడు. గత సంవత్సరపు నాయకుడు మూడవ స్థానమున నిలిచినాడు. ఇద్దరి నడుమ భేదము ఒకటిన్నర పాయింటు. ప్రథమ స్థానము గత సంవత్సరము ఎవరి దృష్టికిని రాని ఒక బి.ఎస్సీ. విద్యార్థినికి దక్కినది. పై ముగ్గురిలో ఎవరు నిజముగా బలవంతులో 22 ఆటలతో చెప్పలేము. ముగ్గురును జట్టులో ఉండదగినవారని మాత్రము చెప్పగలము.

ఆ సాయంకాలములకు కావలసిన ఆరు గడియారములలో ఒకటి మనది. ఐదు అరువు తెచ్చినవి. వానిని తిరిగి ఇచ్చివేసినాము. వచ్చే సంవత్సరపు ఎంపిక నాటికి ఐదు గడియారములు కొనిపెట్టవలసినదిగా కళాశాల క్రీడా సంఘమునకు అర్జీ సమర్పించియున్నాము.